రెబ్కా రాసిన నేపాల్ దారి

జక్రయ్య గురించీ రెబ్కా గురించీ రాయమని నన్నెవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను. మా వైపు ఆ మొగుడూ పెళ్ళాల సంగతి చెప్పేవాళ్ళంతా తప్పుగా చెబుతారు, పైగా కళ్ళారా చూసినట్టు చెబుతారు. ఏడేళ్ళపాటు నేనూ తప్పుగానే అనుకున్నాను కాబట్టి వాళ్ళను తిట్టే హక్కు నాకు పూర్తిగా లేదు. ఉన్నంతవరకూ మాత్రం తిడతాను.

జక్రయ్యకు పర్చూరు సెంటర్లో మోటారు సైకిళ్ళ రిపేరు షాపు ఉండేది. షాపంటే నాలుగు రేకులూ, ఒక బల్లా, కారిన ఆయిలు తాగి తాగి నల్లబడిన నేలా. పత్తికి మందు కొట్టే రోజుల్లో రైతులు స్ప్రేయర్లు కూడా తెచ్చి అక్కడే పడేసి పోయేవాళ్ళు. జక్రయ్య మోత విని బండి రోగం చెప్పేవాడు. బండి ఇంకా మలుపు తిరగకముందే, "ఒరేయ్, నీ ప్లగ్గు పోయిందిరా!" అని లోపల్నుంచి అరిచేవాడు. చదివింది ఐదో తరగతి. చేతిలో ఉన్న ఆ విద్య మీద అతనికి కొంచెం గర్వం ఉండేది. కొంచెం అని మర్యాదకు అంటున్నాను, చాలానే ఉండేది. బండి గురించి ఎవరేం చెప్పినా చెవిన పెట్టేవాడు కాదు.

అతని భార్య రెబ్కా మా ఊరి మిషన్ స్కూల్లో నాతోపాటు టీచరు. నేను తెలుగూ లెక్కలూ, ఆమె సోషలూ సైన్సూ చెప్పేవాళ్ళం. మా ఇంటి వంటగది దాకా వచ్చిన మొదటి క్రిస్టియన్ టీచరు రెబ్కానే. మా అత్తగారు రెండు రోజులు మొహం మాడ్చుకుని, మూడో రోజు ఆమె చేతే సూదిలో దారం ఎక్కించుకుంది. పిల్లల్లేని వాళ్ళని చుట్టూ ఉన్నవాళ్ళు జాలి పడేవాళ్ళు కానీ వాళ్ళిద్దరికీ ఆ జాలితో పని ఉన్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు.

వాళ్ళ కాపురం పర్చూరులో. పొద్దున రాజ్‌దూత్ మోటారు సైకిలు మీద జక్రయ్యే ఆమెను తెచ్చి దించేవాడు, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళేవాడు. దారిలో వాగు మీద ఒక ఎత్తు వంతెన ఉంది. మా మైదానంలో అంతకు మించిన ఎత్తు లేదు. వంతెన నెత్తి మీదికి రాగానే ఇక్కడ అందరూ చేసే పనే జక్రయ్యా చేసేవాడు. ఇంజను ఆపేసి, బండిని న్యూట్రల్‌లో పెట్టి, కింది దాకా ఊరికే జారనిచ్చేవాడు. ట్రాక్టరు తోలేవాడి నుంచి పాలబండి వాడి దాకా మాకందరికీ అదే అలవాటు. చుక్క పెట్రోలు మిగిలితే మిగిలినట్టే కదా. రెబ్కాకు మాత్రం పెట్రోలు సంగతి పట్టేది కాదు. "ఆ మోత ఆగినప్పుడేనండి రత్నం గారూ, మేము మాట్లాడుకునేది. ఇంటికెళితే ఆయనకి రేడియో, నాకు వంట," అనేది. వంతెన దిగేలోపు రోజుకు నాలుగు మాటలు. పదమూడేళ్ళ కాపురం అట్లా నడిచింది.

1999లో ఒకరోజు ఆరో తరగతిలో హిమాలయాల పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి, "టీచర్ గారండీ, మీరు మంచు కొండ చూశారా?" అని అడిగిందట. రెబ్కా అబద్ధం చెప్పలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా ముందు కూర్చుని నాతో అంది. "పదకొండేళ్ళుగా చెప్తున్నానండి ఆ పాఠం. నేను చూసిన పెద్ద ఎత్తు కోటప్పకొండ. అదీ బస్సు కిటికీలోంచి."

ఆ మాటతోనే నేపాల్ మొదలైంది. నేపాల్ ఎందుకంటే, పాస్‌పోర్టు లేకుండా ఓటరు కార్డుతో పోనిచ్చే పరాయి దేశం అని సుభానీ గారు చెప్పాడు. సుభానీ గారు మిలటరీలో ఇరవయ్యేళ్ళు లారీలు నడిపి వచ్చిన మనిషి, జక్రయ్య షాపు బల్ల మీద పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు. బండి మీదే ఎందుకని నేను అడిగాను. "మా ఆయనకి రైలూ, ఈ బండీ తప్ప ఏదెక్కినా వాంతులండి. నాలుగు చక్రాల బండి బాగుచేస్తాడు గానీ అందులో కూర్చోలేడు," అంది రెబ్కా. నాకు నవ్వాగలేదు. దేశం కాని దేశం బండి మీద పోవడానికి ఇంతకన్నా మంచి కారణం నేను వినలేదు.

ఒక లాంగ్ నోటుపుస్తకానికి ఖాకీ అట్ట వేసి, పైన పేరు రాసి, రెబ్కా దారి కట్టడం మొదలుపెట్టింది. స్కూలు అట్లాసూ సుభానీ గారి జ్ఞాపకమూ, అంతే ఆమెకున్న ఆధారం. ఢిల్లీ దాకా రైలు, బండి పార్సిల్‌లో. అక్కణ్ణుంచి బండి మీద బన్‌బసా. వంతెన దాటితే నేపాల్, మహేంద్రనగర్. అక్కణ్ణుంచి తూర్పుకు ఒకే రోడ్డు. కోహల్‌పూర్, బుట్వల్, నారాయణ్‌ఘాట్, ఇటహరి, చివరికి కాకర్‌భిట్ట. పడమటి అంచు నుంచి తూర్పు అంచుకు వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. దాదాపు అంతా మనలాగే చదును నేల, వరి పొలాలు. మంచు కొండలు కావాలంటే మాత్రం బుట్వల్ దగ్గర ఎడమకు తిరిగి ఘాట్ రోడ్డెక్కాలి, పోఖరా దాకా నూట అరవై కిలోమీటర్లు. మర్చిపోకూడదని ఆ పేజీలో ఎర్ర సిరాతో గీత గీసుకుంది. అయిపోయిన ప్రతి పనికీ పక్కన ఒక టిక్కు పెట్టేది. ఓటరు కార్డులకు టిక్కు. బండి కాగితాలు జక్రయ్య పేరు మీదికి మార్పించడానికి టిక్కు. స్కూల్లో కాపీ పుస్తకాలు దిద్దినట్టే తన పుస్తకమూ దిద్దుకుంది.

జక్రయ్య ఆ పుస్తకాన్ని ఎన్నడూ తెరవలేదు. "అది ఆమె డిపార్టుమెంటు, బండి నా డిపార్టుమెంటు," అనేవాడు. ప్రయాణం 2000 మేలో, వేసవి సెలవుల్లో అని ఖాయమైంది.

ఘాట్ రోడ్డులో ఆడవాళ్ళు ఒక పక్కకు కూర్చుంటే మలుపుల్లో బరువంతా అటే లాగుతుందని సుభానీ గారు చెప్పాడు. మా వైపు ఆడది బండి మీద కాళ్ళు చెరోవైపు వేసి కూర్చోవడం అప్పటికి ఎవరూ చూసి ఉండరు. రెబ్కాకు ముప్పై ఏడేళ్ళు, పుట్టి బుద్ధెరిగాక చీర తప్ప కట్టలేదు. నేనే ఆమెను టైలరు ఖుర్షిదా దగ్గరికి తీసుకెళ్ళి, ముదురు నీలం రంగు పంజాబీ డ్రెస్సు కుట్టించాను. రెబ్కా వద్దంటుంటే నేను పట్టుబట్టాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను మర్చిపోలేదు.

ఆ డ్రెస్సులో, కాళ్ళు చెరోవైపు వేసి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక మొగుడి చొక్కా పట్టుకుని ఆమె మొదటిసారి స్కూలుకు వచ్చిన రోజు ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. మిరప కల్లంలో కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు లేచి నిలబడి చూశారు. స్త్రీల సమాజం పెద్ద జయకుమారి గారైతే ఆదివారం చర్చి బయట అందరూ వింటుండగానే అడిగింది. "ఏం రెబ్కా, రేపు మీసాలు కూడా పెంచుతావా?"

"నేపాల్ నించి వచ్చాక చూద్దాంలెండి," అంది రెబ్కా.

శివరాత్రి తిరనాళ్ళ అయిపోయి జనం పలచబడ్డాక, కోటప్పకొండకు కొత్తగా వేసిన ఘాట్ రోడ్డు మీద ఒకసారి ఎక్కి దిగి చూడాలనుకున్నారు. చర్చి అయ్యగారు ఈ మాట విని, "కొండకేం పనమ్మా నీకు?" అన్నాడట. "గుడికి కాదండి అయ్యగారూ, మలుపులకి," అని చెప్పి నవ్వించింది. ఏప్రిల్ పదిహేను, శనివారం. ఒంటిపూట బడి. గంట కొట్టగానే బయల్దేరారు. స్కూలు గేటు దగ్గర ఆమె బండెక్కుతూ, "సోమవారం వచ్చి చెప్తా, కొండ దిగితే ఎట్లా ఉంటుందో," అని నాకు చెయ్యి ఊపింది.

పొద్దుగూకకముందే కబురు వచ్చింది. కొండ దిగేటప్పుడు బండి పిట్టగోడకు కొట్టుకుంది. జక్రయ్యకు కాలు విరిగింది. రెబ్కా ఆసుపత్రికి చేరేలోపే పోయింది.

జక్రయ్య చెప్పింది రెండే మాటలు. "బ్రేకు పట్టలేదు." మిగతాదంతా ఊరే చెప్పుకుంది. అంత పేరున్న మెకానిక్ బండికి బ్రేకెందుకు పట్టదు? ఆడమనిషి మగాడిలా ఎక్కి కూర్చుంటే బండి అదుపు తప్పక ఏమవుతుంది? పంతులమ్మకు పిచ్చి పట్టింది, పిచ్చికి మొగుణ్ణి కూడా చంపబోయింది. సమాధుల దొడ్డి నుంచి తిరిగొస్తూ, చేతులకు మట్టి ఇంకా ఆరకముందే ఈ మాటలు నేను విన్నాను. ఒకామెతో గొడవకు దిగాను కూడా. కానీ ఇంటికొచ్చి మంచం మీద పడుకున్నాక నాకే అనిపించింది. ఒకవేళ నిజమేనేమో. ఆ డ్రెస్సు నేను కుట్టించకపోతే ఆమె ఒక పక్కకే కూర్చునేది, కూర్చోలేక ఆ కొండ మానేసేది. ఆమె పోయిన బాధ ఒకటైతే, దాని కింద ఇదొకటి. రెండోదాన్ని నేనెవరికీ చెప్పుకోలేదు.

నోటుపుస్తకం స్కూలు బీరువాలో ఆమె అరలో దొరికింది. జక్రయ్యకు ఇచ్చేద్దామనే తీశాను. ఇచ్చేముందు తెరిచాను. పోఖరా పేజీలో, ఎర్రగీత కింద, ఆమె గుండ్రటి రాతలో ఇలా ఉంది. "దిగేటప్పుడు సెకండు గేరులోనే దిగాలి. న్యూట్రల్ వద్దు. ఇంజను ఆపకూడదు. ఊరికే బ్రేకు మీద దిగితే వేడెక్కి పట్టదు. సుభానీ గారు చెప్పింది. ఆయనకు చెప్పాలి."

పక్కన టిక్కు లేదు.

వాగు వంతెన నాకు గుర్తొచ్చింది. అంత దూరం ఆలోచించి అక్కడితో ఆగిపోయాను. జక్రయ్య ఇంజను ఆపాడో లేదో నాకు తెలియదు, అతను చెప్పలేదు. చెప్పాల్సిన మాట చెప్పకుండానే ఆమె పోయిందనుకున్నాను. విరిగిన కాలితో మూలన పడి ఉన్న మనిషికి ఈ వాక్యం చూపించి ఏం సాధిస్తాను? పుస్తకాన్ని మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆ తర్వాత నేపాల్‌లో మావోయిస్టుల గొడవలు ముదిరాయి. రోడ్లు మూసేశారని, బస్సులు తగలబెట్టారని పేపర్లో వచ్చేది. అట్లాంటి వార్త చదివినప్పుడల్లా, ఎట్లాగూ వెళ్ళలేకపోయేవాళ్ళే అని నాకు నేను సర్ది చెప్పుకునేదాన్ని. అది అబద్ధం. 2000 మేలో రోడ్లు తెరిచే ఉన్నాయి.

జక్రయ్య షాపు మళ్ళీ తెరిచాడు. కాలు ఈడుస్తూ నడిచేవాడు. మలుపు అవతల బండి రోగం చెప్పడం మానేశాడు. ఎవరైనా వచ్చి బండి ఇట్లా అవుతోంది అంటే పూర్తిగా విని, "నువ్వు చెప్పిందే అయ్యుంటది," అనేవాడు. రాజ్‌దూత్ మాత్రం షాపు వెనక పరదా కింద అట్లాగే ఉంది, ముందు చక్రం వంగిపోయి.

ప్రతి ఏడూ ఏప్రిల్ పదిహేనున వాళ్ళింటి ముందు షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టేవాడు. పాటలు, ప్రార్థన, తర్వాత ఒక్కొక్కరు లేచి పోయిన మనిషి గురించి సాక్ష్యం చెబుతారు, ఆపైన భోజనాలు. నేనూ వెళ్ళేదాన్ని. ఆరేళ్ళూ జక్రయ్య వెనక వరసలో కూర్చుని నోరు మెదపలేదు. 2007లో అది ఆదివారం పడింది. చర్చి అయ్యాక మిట్టమధ్యాహ్నం కూడిక. జయకుమారి గారు లేచి, రెబ్కా మంచి టీచరని, పాటలు బాగా పాడేదని చెప్పి, చివర్న, "ఏదో ఆ ఒక్క పంతం పట్టకపోతే ఇయ్యాల మన మధ్య ఉండేది," అని ముగించింది. చెడుగా అనాలని అనలేదు. ఏడేళ్ళలో ఆ మాట అంత మామూలైపోయింది.

జక్రయ్య లేచాడు. ముందుకు రమ్మని అయ్యగారు పిలిచినా రాలేదు, కుర్చీ వీపు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"స్తోత్రమండి. నాకు మాట్లాడటం రాదు. రెబ్కా కాళ్ళు చెరో పక్కనేసి కూర్చోబట్టే బండి పడిందని మీరందరూ అంటన్నారు. ఏడేళ్ళుగా ఇంటన్నాను. ఒక్కసారి కూడా కాదన్లేదు. ఆమె సరిగ్గానే కూర్చుంది. బండి ఎప్పుడూ లేనంత నిలకడగా ఎక్కింది కొండ. పైన ఇంజను ఆపింది నేను. మన వాగు వంతెన మీద ఆపినట్టు. కింద ఊళ్ళన్నీ కనపడతన్నాయి, కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా కనపడతన్నాయి, మోత లేకపోతే ఆమెతో మాట్లాడుకోవచ్చని ఆపాను."

అన్నం వండుతున్నవాళ్ళు కూడా గరిటెలు వదిలి చూస్తున్నారు.

"ఆమె నా భుజం మీద చెయ్యేసి, 'ఏవండీ, దిగేటప్పుడు ఇంజను ఆపకూడదంట, పుస్తకంలో రాశాను,' అంది. 'బండి సంగతి నాకు నువ్వు పుస్తకం చూసి చెప్తావా?' అన్నాను. నవ్వింది. రెండో మలుపు కాడ బ్రేకు పట్టలేదు. గేరెయ్యబోయాను, పడలేదు. అంతేనండి. తప్పు నాది. ఆమె మీద ఇంకెవరూ మాట అనొద్దు."

కూర్చున్నాడు. జయకుమారి గారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టలేకపోయాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఏడేళ్ళు ఈ మనిషి రెబ్కాను తిట్లు తిననిచ్చాడు. నన్ను ఆ నీలం డ్రెస్సు మోయనిచ్చాడు. భోజనం చెయ్యకుండా లేచి ఇంటికొచ్చేశాను. వాకిట్లో చెప్పులు విడుస్తుంటే ఏదో బరువు దిగినట్టు అనిపించి, అట్లా దిగినందుకు సిగ్గేసి, అప్పుడు ఏడ్చాను.

మర్నాడు ఒంటిపూట బడి వదిలాక జక్రయ్య స్కూలుకు వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"పుస్తకం మీ దగ్గరుందా టీచర్ గారూ?"

బీరువా తీసి ఇచ్చాను. పిల్లల బల్ల మీద కూర్చుని, వేలు కింద పెట్టుకుంటూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. మహేంద్రనగర్ నుంచి ఎర్రగీత పేజీకి రావడానికి అరగంట పట్టింది. అక్కడ వేలు ఆగిపోయింది.

"టిక్కు లేదు కదా. నీకు చెప్పలేదేమో అనుకున్నాను," అన్నాను.

"టిక్కు పెట్టే టైమేదండి ఆమెకి," అన్నాడు.

తిడదామని రాత్రంతా కూడబెట్టుకున్న మాటలు పక్కన పెట్టాను. కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి ఇచ్చాను. తాగి, పుస్తకం చొక్కా లోపల పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడు దసరా వెళ్ళాక రాజ్‌దూత్ మీద పరదా తీశాడు. చక్రం మార్చాడు, ఇంజను విప్పి మళ్ళీ బిగించాడు. ప్రతి పనీ సుభానీ గారిని పక్కన కూర్చోబెట్టి అడిగి చేశాడట. చూసినవాళ్ళు ఆశ్చర్యపోయారు. నవంబరులో షాపు మూసి, విజయవాడలో బండిని రైలెక్కించి వెళ్ళాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు.

నాలుగు వారాల తర్వాత ఒక సాయంత్రం స్కూలు గేటు దగ్గర ఆ మోత వినిపించింది. నల్లబడి, చిక్కిపోయి ఉన్నాడు. సామానంతా టాంకు మీద కట్టి ఉంది. వెనక సీటు ఖాళీ.

"సామాను వెనక కట్టుకోక, ముందేంటి జక్రయ్యా?"

"వెనక కట్టబుద్ధి కాలేదండి."

ఆ అంచు నుంచి ఈ అంచుకు మొత్తం దాటాడు. ఒకచోట బంద్ అని రెండు రోజులు ఆపేశారట. ఒక ఇంటివాళ్ళు అటుకులూ బంగాళదుంప కూరా పెట్టారట. వరి కోతలు మనలాగే కోస్తున్నారట. నేను అడగాల్సింది అడిగాను.

"మంచు కొండలు చూశావా?"

"లేదండి. బుట్వల్లో రెండు రోజులున్నా. ఎడం పక్క ఆ దారి ఎక్కడ మొదలవుద్దో పోయి చూశా. రెండో రోజు పొద్దున బండి కూడా తిప్పాను. ఎక్కలేకపోయానండి. అది ఆమె చూడాల్సింది. నేనొక్కణ్ణే చూసి ఎవరికి చెప్పను?" చెయ్యి తుడుచుకుని మళ్ళీ అన్నాడు. "అవతల మెయిన్ రోడ్డు మీదే చిన్న కొండొకటి వచ్చింది, తప్పలేదు. దిగేటప్పుడు సెకండు గేర్లోనే దిగాను. ఇంజను ఆపలేదు. ఒకటే మోత. మాట్లాడినా ఇనపడదు."

పుస్తకం నా చేతిలో పెట్టి, స్కూల్లోనే ఉంచమని, పిల్లలకు దారి చెప్పేటప్పుడు పనికొస్తుందని అన్నాడు. బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. వంతెన దగ్గర మోత ఆగుతుందేమోనని గేటు పట్టుకుని విన్నాను. ఆగలేదు, పర్చూరు దాకా అట్లాగే పోయింది.

బల్ల దగ్గర కూర్చుని పుస్తకం తెరిచాను. మహేంద్రనగర్ పక్కన ఒక టిక్కు, రెబ్కా టిక్కులా కాదు, వంకరగా, పెన్ను గట్టిగా నొక్కి పెట్టింది. కోహల్‌పూర్‌కు టిక్కు. బుట్వల్‌కు టిక్కు. నారాయణ్‌ఘాట్, ఇటహరి, కాకర్‌భిట్ట, అన్నిటికీ. ఎడమకు తిరిగి పోఖరా అన్న చోట ఏమీ లేదు. ఎర్రగీత కింద, "ఆయనకు చెప్పాలి" అన్న దాని పక్కన మాత్రం టిక్కు పెట్టి, ఐదో తరగతి చదివిన చేత్తో ఒక్క మాట రాశాడు.

"చెప్పింది."